పండ్ల పెట్టెలో తెగిన చెయ్యి

పంజాబు నుంచి ఇటలీకి వలస వెళ్లిన పొలం కూలీ సత్నాం సింగ్ గురించి చదివిన నాటి నుంచి ఆ పండ్ల పెట్టె నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ఇటలీలో, రోమ్‌కు దక్షిణాన ఉన్న లాటినా ప్రాంతంలో 2024 జూన్ 17న పొలం పనిలో యంత్రం అతని కుడిచేతిని తెంపేసింది, కాళ్లను నలిపేసింది. యజమాని ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. వ్యానులో తెచ్చి ఇంటి దగ్గర దింపారు. తెగిన చేతిని పండ్లు సర్దే పెట్టెలో పెట్టి వెళ్లిపోయారు. పక్కనే పనిచేస్తున్న భార్య ఎంత బతిమాలినా వినలేదు. రెండు రోజులకు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. వయసు 31.

"పంజాబులో బంగారం పండే భూములు వదులుకుని అక్కడికి ఎందుకు పోవాలి?" అన్నాడు మిత్రుడొకడు. నాకు ఒళ్లు మండింది. గల్ఫ్ నుంచి శవపెట్టెలు దించుకున్న కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లను ఎరిగిన మనమా ఈ మాట అడిగేది? ఇటలీలోనూ అదే కథ. అప్పు చేసి ఏజెంటుకు లక్షలు కట్టి కోటా వీసా (ఇంతమంది విదేశీ కూలీలకని లెక్కకట్టి ఇచ్చే వీసా) మీద వెళతారు. దిగాక యజమాని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే కాగితాలు లేని మనిషి అయిపోతాడు. ఇక ఇచ్చిందే కూలి. సత్నాంకూ కాగితాలు లేవు.

లాటినా పొలాల్లో పనిచేసే ఈ పంజాబీ సిక్కు కూలీలు నోరు లేనివాళ్లేమీ కాదు. 2016 ఏప్రిల్ 18న వేలమంది పని ఆపి లాటినాలో రోడ్డెక్కారు. అదే ఏడాది అక్టోబరులో కూలీల దళారులనే కాదు, పీడించే యజమానులను కూడా శిక్షించే చట్టం వచ్చింది. అయినా ఎనిమిదేళ్ల తర్వాత ఆ పెట్టె!

నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. మత్తు ముట్టకూడదన్నది సిక్కుల నియమం. ఒళ్లు నొప్పులు ఓర్చుకుని పొద్దుగూకే దాకా వంగి పనిచేయడానికి కొందరు నల్లమందు మింగుతున్నారని, అది బయటపడకుండా సిగ్గుతో దాచుకుంటున్నారని మార్కో ఒమిజోలో అనే సామాజిక శాస్త్రవేత్త రాశాడు. ఊరికే చూసి రాసినవాడు కాదు, వాళ్లతో పాటు పొలంలో దిగి పనిచేసినవాడు. గురువు వద్దన్నదాన్ని పొట్టకూటి కోసం మింగవలసి రావడం కంటే నరకం ఏముంటుంది?

సిక్కులు మతనియమంగా ధరించే చిన్న కత్తి, కృపాణం సంగతి చూడండి. దాన్ని ధరించి బయటికి వచ్చిన ఒక సిక్కుకు వేసిన 2,000 యూరోల జరిమానాను 2017 మేలో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది. వలస వచ్చినవారు తమ విలువలను పాశ్చాత్య సమాజపు విలువలకు అనుగుణంగా మార్చుకోవాలని కూడా చెప్పింది. నలుగురు తిరిగే చోట కత్తి గురించి భయం ఉంటే అర్థం చేసుకోగలను, దాని మీద వాదించుకోవచ్చు. కానీ తెల్లవారకముందే తలపాగా చుట్టుకుని, సైకిలెక్కి, ఆ దేశానికి తిండి పండించడానికి పోయే మనుషులకా విలువల పాఠం?

మొన్న పండ్ల దుకాణంలో కివీ పండు చేతిలోకి తీసుకున్నాను. మీద ఇటలీ అని చిన్న స్టిక్కరు. లాటినా కివీ తోటలకు పేరుపడిన నేల. పండు పక్కన పెట్టేసి వచ్చేశాను. అందరూ నాలాగే కొనడం మానేస్తే అక్కడ ముందు కూలి పోయేది వాళ్లకే కదా అని ఇంటికి వచ్చాక తోచింది.