డై లేజర్‌లో ద్రావణి ఏదైనా ఒకటేనా?

డై లేజర్ అంటే ద్రవంలో కరిగిన రంగు పదార్థం (డై) నుంచి లేజర్ కాంతి పుట్టించేది; దాన్ని కరిగించే ఆ ద్రవమే ద్రావణి. విశాఖలో ఫిజిక్స్ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "డై లేజర్‌లో పనిచేసేది రంగే, ద్రావణి దాన్ని కరిగిస్తే చాలు. ఆల్కహాల్ వాడండి, నీళ్లు పనికిరావు. పవర్ చాలకపోతే డై ఇంకాస్త వేయండి. మిథనాల్, ఇథనాల్ ఏదైనా ఒకటే." ల్యాబ్‌లో దీన్ని నమ్ముకుంటే ప్రయోగమే కాదు, ఆరోగ్యమూ పాడవుతుంది.

"పనిచేసేది రంగే." కాదు. చుట్టూ ఉన్న ద్రావణిని బట్టి డై ఇచ్చే వెలుగు మారుతుంది. డీసీఎం అనే డైని మిథనాల్‌లో కాకుండా డీఎంఎస్ఓ అనే మరో ద్రావణిలో కరిగిస్తే లేజర్ ఇంకా ఎరుపు వైపు జరుగుతుంది. కావలసిన తరంగదైర్ఘ్యం కోసం ద్రావణిని మార్చడం మామూలే.

"నీళ్లు పనికిరావు." నా అసలు అభ్యంతరం దీనిమీదే. రోడమిన్ 6జి అనే డై అణువులు ఉత్త నీటిలో జంటలుగా అతుక్కుంటాయి. ఆ జంటలు పంపు కాంతిని (డైని వెలిగించడానికి బయటినుంచి వేసే కాంతిని) మింగుతాయి కానీ తిరిగి వెలగవు. అంతవరకూ నిజమే. అయితే ట్రైటాన్ ఎక్స్-100 లాంటి సబ్బు గుణమున్న పదార్థం కొంచెం కలిపితే జంటలు విడిపోతాయి. 1970లో కోడాక్ పరిశోధకులు పీటర్సన్, టూసియో, స్నేవ్లీ ఆగకుండా వెలిగే తొలి డై లేజర్‌ను నడిపింది ఇలాంటి నీటి ద్రావణంతోనే.

నీళ్లే ఎందుకంటే, వేడి వల్ల. పంపు కాంతిలో కొంత వేడిగా మిగిలిపోతుంది, ద్రావణం అంతటా ఒకేలా వేడెక్కదు. వక్రీభవన గుణకం (కాంతి ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య) చోటుచోటుకూ మారి, మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద దృశ్యం వణికినట్టు లేజర్ పుంజం చెదురుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే ఇథనాల్ గుణకం సుమారు 0.0004 తగ్గుతుంది, నీటిది 0.0001 దరిదాపుల్లోనే. పైగా గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 జౌళ్లు కావాలి, ఇథనాల్‌కు 2.4 చాలు. నీటికి మంటల టెన్షన్ కూడా లేదు.

"డై ఇంకాస్త వేయండి." హద్దు దాటితే పంపు కాంతి అంతా అంచులోనే ఆగిపోతుంది, డై తన వెలుగును తానే మింగుతుంది.

ఇక చిక్కదనం సంగతి మెసేజ్‌లో లేనే లేదు. గాజు సెల్ లేకుండా పల్చని ధారగా పారించే లేజర్లలో ఇథిలీన్ గ్లైకాల్ వాడేది చిక్కగా ఉండి ధార నున్నగా వస్తుందనే.

"మిథనాల్, ఇథనాల్ ఒకటే." ఇది ప్రమాదకరం. మిథనాల్ విషం. ఆవిరి పీల్చినా, చర్మం గుండా ఇంకినా ఒంట్లోకి చేరుతుంది, కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. డీఎంఎస్ఓ అయితే తనలో కరిగిన డైని కూడా చర్మం లోపలికి మోసుకుపోగలదు. ఈ మెసేజ్ మీ గ్రూపులో ఉంటే కనీసం ఆ చివరి వాక్యం తప్పని కింద రాయండి.