కోలం పండగ అలంకరణ మాత్రమే కాదు

మీరు వేసిన వ్యాసంలో కోలాన్ని, అంటే తమిళుల ముగ్గుని, పండగ అలంకరణగానే చూపించడం బాధనిపించింది. తమిళనాట అది రోజూ తెల్లవారకముందే చేసే పని. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, తడి ఆరకముందే చుక్కలు పెడతారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంటే, చిక్కు కోలంలో గీత చుక్కల్ని చుట్టుకుంటూ బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. చెయ్యి ఎక్కడా తడబడదు! మార్గళి నెలలో (మన ధనుర్మాసం) అయితే పేడముద్దలో గుమ్మడిపువ్వు కూడా గుచ్చి పెడతారు.

1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి ఈ గీతల మీద గణిత పరిశోధనే చేశారు. ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదేమండీ?

గుమ్మం ముందు ప్లాస్టిక్ స్టిక్కర్ అంటించడం నాకసలు నచ్చదు. రాతిపొడి బదులు పిడికెడు బియ్యప్పిండి వాడండి, చీమలకూ పిచ్చుకలకూ ఇంత తిండి దొరుకుతుంది.