కొనేవారి ముఖం కనిపించని సినిమా

2011లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘మార్జిన్ కాల్’లో హత్యలు లేవు, కార్ల వెంబడింపులు లేవు. కథ ఇంచుమించు ఒక్క రోజులో, చాలావరకు ఒకే ఆఫీసులో నడుస్తుంది. అయినా కదలనివ్వదు. దర్శకుడు జె.సి. చాండర్‌కు ఇది తొలి చిత్రం. తండ్రి మెరిల్ లించ్ అనే అమెరికా పెట్టుబడి బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశారు కనుక ఆ లోకపు మాటతీరు అతనికి కొత్త కాదు. దాదాపు 35 లక్షల డాలర్ల ఖర్చుతో 17 రోజుల్లో చిత్రీకరించారు. థియేటర్లకు వచ్చిన రోజే ఇంట్లో డబ్బు కట్టి చూసే వీలూ కల్పించారు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ దక్కింది.

అలాంటి ఒక బ్యాంకులో ఉద్యోగం ఊడిన రిస్క్ అధికారి, అంటే నష్టం ముప్పును లెక్కగట్టేవాడు, వెళుతూ వెళుతూ ఒక కుర్రాడి చేతిలో పెన్‌డ్రైవ్ పెడతాడు. అందులోని లెక్క పూర్తిచేస్తే, గృహరుణ పత్రాల (ఇళ్ల అప్పులను కట్టగట్టి అమ్మే పత్రాల) నష్టం సంస్థ విలువనే మింగేసేలా ఉంది. సంగతి బయటికి పొక్కేలోపు ఆ సరుకంతా ఇతరులకు అమ్మి వదిలించుకోవాలని పెద్దలు తీర్మానిస్తారు. ఈ చిక్కును పసిపిల్లకో పెంపుడు కుక్కకో చెప్పినట్టు చెప్పమంటాడు సంస్థ అధిపతి. నిజానికి ఆ వివరణ ప్రేక్షకుడి కోసం.

తిరుపతిలో ఈ కథ తీస్తే ఆ సన్నివేశమే అక్కరలేదు. చీటీ లెక్క రానివారు ఇక్కడ ఎందరు? ఇరవై మంది నెలకు 5 వేలు కడితే లక్ష. అవసరమున్నవారు 20 వేలు తగ్గించి పాడి 80 వేలు ఎత్తుకుంటారు. మిగిలినదాంట్లో కమీషన్ పోగా అందరూ పంచుకుంటారు. 1982 నాటి చిట్ ఫండ్ చట్టాన్ని 2019లో సవరించి ఆ కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచారు. నమోదు కాని చీటీలకు ఇవేవీ పట్టవు. ఎత్తినవారు వాయిదాలు ఎగ్గొడితే నిర్వాహకుడు కొత్త చీటీ మొదలుపెట్టి, ఆ డబ్బుతో పాతవారికి సర్దుతాడు. గుడి వీధిలో పూలమ్మే ఆవిడ మొదటి వాయిదా కట్టి, చిన్న పుస్తకంలో సంతకం చేయించుకుని వెళుతుంది. చీటీ మునిగిందని ఆ సంతకం చేసినవాడికి అప్పటికే తెలుసు.

బ్యాంకర్ల మీద ఈ సినిమా మరీ జాలి చూపిందని కొందరన్నారు. నేను ఒప్పుకోను. చుట్టూ ఉద్యోగాలు ఊడుతుంటే జబ్బుపడిన కుక్క కోసం ఏడ్చిన అధికారే మర్నాడు ఆ పత్రాలను దగ్గరుండి అమ్మిస్తాడు. రాక్షసుడైతే ఇంత భయం వేయదు. నా ఫిర్యాదు వేరు: కొనేవారి ముఖం ఒక్కటీ తెరమీదికి రాదు. వారంతా ఫోనుకు అవతలే ఉండిపోతారు.

మన దగ్గర అవతలివాడు పక్కింట్లోనే ఉంటాడు. ఒక ఇల్లు, ఒక రాత్రి, ఒక ఖాతా పుస్తకం చాలు, పెద్ద ఖర్చేమీ లేదు. కాకపోతే నిర్వాహకుణ్ణి ఘరానా దొంగగానో, అందరినీ బోల్తా కొట్టించే హీరోగానో మార్చాలనే దురద మన రచయితలు అణచుకోవాలి. వాయిదా డబ్బు అందుకుంటూ లోపలికి రమ్మని కాఫీ ఇచ్చే అతని భార్యకు ఎంత తెలుసు, ఎప్పటినుంచి తెలుసు అన్న ప్రశ్న ఒక్కటే రెండు గంటలు నడిపించగలదు.