గాలం తెంపుడు బంద్ చేయండి, అడ్డుతీగ కట్టుకోండి

వరంగల్ చుట్టూ గొలుసుకట్టు చెరువులు నిండితే శికంల, అంటే చెరువు లోపలి భూమిల, మొలిచిన సర్కారు తుమ్మంతా నీళ్ల కిందికి పోతది. పైన తామర, గుర్రపుడెక్క. మన రాష్ట్ర చేప కొర్రమట్ట దాక్కునేది సరిగ్గా ఆ సందుల్లనే. అక్కడ గాలం వేస్తరు, ఇరుక్కోగానే తెంపి ఇంకోటి కడతరు. తెగిన తంగూసు (గాలానికి కట్టే నైలాన్ దారం) ఏండ్లకేండ్లు కుళ్లదు. కొంగల కాళ్లకు చుట్టుకుంటది. ఎండకాలం చెరువుల దిగిన గొడ్లకు ఆ కొక్కెమే గుచ్చుకుంటది. ఇది తప్పు, గట్టిగనే చెప్తున్న. మొన ముందర సన్నని అడ్డుతీగ కడితే, ఎక్కడా ఇరుక్కోకుండ వచ్చే గాలం ఇంట్లనే తయారైతది.

సైకిల్ బ్రేక్ తీగ ముక్క విప్పండి. సన్నని పోగులు వస్తయి, ఒక్కోటి సుమారు 0.3 మి.మీ. మెలి తిరిగి ఉంటయి కాబట్టి కత్తి వెనుక అంచు మీద బొటనవేలితో అదిమి రెండుమూడు సార్లు గుంజితే సాపైతయి. 10 సెం.మీ. కోసి మధ్యకు మడవండి. 2/0 సైజు కొక్కేనికి కన్ను (తంగూసు కట్టే రంధ్రం) వెనుక, మొన ఉన్న వైపు, ఆ మడతను పెట్టి కుట్టు దారంతో 15-20 చుట్లు బిగించండి. మడతే కన్ను వైపు ఉండాలె. కోసిన కొసలు అటుంటే తంగూసును గీకి తెంపుతయి. ఫెవిక్విక్ సూదిమొనతో ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే తీగ మొదట్ల గడ్డకట్టి అక్కడ వంగదు. ఆరినంక రెండు కాళ్లను మొనకు అటొకటి ఇటొకటి వచ్చేటట్టు వంచి, మొన దాటి 3 మి.మీ. ఉంచి మిగతాది కత్తిరించండి.

అసలు పనితనమంతా తీగ బిరుసులనే ఉన్నది. కొక్కేన్ని తువ్వాల మీద ఈడ్చి చూడండి, తువ్వాల పోగు మొనకు పట్టొద్దు. మునివేలితో మెల్లగ ఒత్తితే మొన బయటపడాలె. లొంగకుంటే ఒక కాలు తీసేయండి. తువ్వాలను పట్టుకుంటే కాళ్లు మొన కంటే కిందికి దిగినట్టు, కొంచెం పైకి లేపండి.

కొందరు కొక్కేన్ని పొయ్యి మీద కాల్చి మొనను లోపలికి వంచుతరు. దయచేసి ఆ పని చేయకండి. ఉక్కు మెత్తబడి, బరువు చేప గుంజితే కొక్కెం సాగిపోతది.

మట్టగిడస అనే చిన్న చేపను పట్టే చిన్న కొక్కేలకు తీగ బరువైతది. 0.40 మి.మీ. తంగూసును మొన ముందర నుంచి చిన్న ఉంగరం లెక్క తిప్పి రెండు దిక్కులా కట్టండి. కొసలను లైటర్‌తో కాల్చి గుండు చేస్తే ముడిలనుంచి జారదు.

చేప పడ్డప్పుడల్లా కాళ్లు పక్కకు పోతయి, వేళ్లతో సరిచేసుకోవాలె. బ్రేక్ తీగ తుప్పు పడతది కాబట్టి తడి తుడిచి దాచాలె. కొర్రమట్ట కొట్టంగనే గుంజొద్దు. దాని నోట్లె తీగ అణగకముందే గుంజితే కొక్కెం ఉత్తగనే బయటికొస్తది. తంగూసు బిగిసేదాకా ఆగి, అప్పుడు గట్టిగ గుంజాలె.