విశాఖ డేటా సెంటర్లు: నీళ్ల లెక్క ముందే చెప్పాలి

ఏఐని ఒక్క ప్రశ్న అడిగితే, దాన్ని నడిపే సర్వర్ కంప్యూటర్లుండే డేటా సెంటర్లో ఎంత కరెంటు, నీరు ఖర్చవుతుంది? గూగుల్ 2025 ఆగస్టులో తన ఏఐ జెమినీ గురించి ఒక లెక్క విడుదల చేసింది. మామూలు టెక్స్ట్ ప్రశ్నకు 0.24 వాట్ అవర్ కరెంటు, 0.26 మిల్లీలీటర్ల నీరు. అంటే ఐదు చుక్కలు. ఈ లెక్క తప్పని నేను అనడం లేదు. కానీ విశాఖ దగ్గర ఈ సెంటర్లు రానున్న తర్లువాడలోనో రాంబిల్లిలోనో ఉండేవాళ్లకు దానితో పనేముంది? మే నెలలో రోజుకు ఎన్ని నీళ్లు, ఏ జలాశయం నుంచి తీసుకుంటారో వాళ్లకు తెలియాలి.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అది గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం. గిగావాట్ అంటే పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యంలో సగం. ఆ లోడు రాత్రీపగలూ పూర్తిగా నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లతో పోలిస్తే 36 లక్షల ఇళ్ల వాడకమన్నమాట.

ప్రపంచం మొత్తం మీద చూస్తే డేటా సెంటర్ల వాటా చిన్నదే. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో మొత్తం కరెంటులో 1.5 శాతం. అదే ఐర్లాండ్‌లో 2023 నాటికే 21 శాతానికి చేరింది, అక్కడి పట్టణాల ఇళ్లన్నీ కలిపి వాడినదాన్నీ మించిపోయింది. ప్రపంచ సగటు చూసి ధైర్యం తెచ్చుకోవడం అందుకే ప్రమాదం. భారమంతా పడేది ఆ కేంద్రాలుండే నాలుగైదు ఊళ్ల మీదే.

నీటి విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అమెరికాలోని ది డాల్స్ అనుభవం. ఆరెగన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడి గూగుల్ కేంద్రాలు ఎన్ని నీళ్లు వాడుతున్నాయని ఒక పత్రిక అడిగింది. అది వ్యాపార రహస్యమంటూ నగరపాలక సంస్థే కోర్టుకెక్కింది. ఏడాదికి పైగా సాగిన పోరాటం తర్వాత 2022 చివర్లో లెక్క బయటపడింది. ఊరు వాడే నీటిలో నాలుగో వంతుకు పైగా ఆ కేంద్రాలకే పోతోంది, ఐదేళ్లలో వాడకం దాదాపు మూడింతలైంది. తమ ఊరి నీళ్ల సంగతి తెలుసుకోవడానికి ప్రజలు అంతకాలం ఎదురుచూడాల్సి రావడం అన్యాయం.

సర్వర్లను చల్లబరచడానికి నీటిని ఆవిరి చేయడం చౌకైన పద్ధతి. ఆవిరైన నీరు మళ్లీ కాలువలోకి రాదు. పైగా విశాఖ లాంటి తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి పొడి ప్రాంతాల్లో పనిచేసినంత బాగా పనిచేయదు. నీళ్లు వద్దనుకుని చిల్లర్లు (ఏసీలా కరెంటుతో చల్లబరిచే యంత్రాలు) పెడితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. శుద్ధి చేసిన మురుగునీరు వాడొచ్చు, సముద్రపు నీటితో చల్లబరచవచ్చు. ఇక్కడ ఏది చేస్తారన్నదే అసలు ప్రశ్న. యేలేరు జలాశయం నీటి కోసం స్టీల్ ప్లాంటూ నగరమూ ఇప్పటికే ఎదురుచూస్తుంటాయి. మేఘాద్రిగెడ్డ జలాశయం మట్టం తగ్గిన ఎండాకాలం టెన్షన్ విశాఖవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అంతా గ్రీన్ ఎనర్జీయే అంటే సరిపోదు. రాయలసీమ సోలార్ ప్యానెళ్లు పొద్దుగూకాక పనిచేయవు, సర్వర్లు ఆగవు. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ లాంటివి ఆ లోటు కొంత పూడుస్తాయి. మిగతాది బొగ్గు నుంచి వస్తే ఆ పొగ పరవాడ వాళ్లే పీల్చాలి. 2030కల్లా నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామన్న గూగుల్, 2023 నాటికి తన ఉద్గారాలు 2019 కంటే 48 శాతం పెరిగాయని తన నివేదికలోనే ఒప్పుకుంది.

పెట్టుబడి రావాలి, మన పిల్లలకు ఇక్కడే పని దొరకాలి. నేనూ అదే కోరుకుంటాను. కట్టడం పూర్తయ్యాక సర్వర్ల హాళ్లను నడపడానికి ఎక్కువ మంది అక్కర్లేదని కూడా ప్రభుత్వం స్పష్టంగా చెప్పాలి.

యూరోపియన్ యూనియన్‌లో 500 కిలోవాట్లు దాటిన డేటా సెంటర్లు ఏటా కరెంటు, నీటి వాడకం వివరాలివ్వాలి. మన దగ్గర అంతకు రెండు వేల రెట్ల కేంద్రం వస్తోంది. భూమి, రాయితీలు మనమే ఇస్తున్నాం కాబట్టి షరతు పెట్టే హక్కూ మనకుంది. నెలవారీ నీటి వాడకం, రాత్రి కరెంటు ఎక్కడిదన్న వివరం, డీజిల్ జనరేటర్లు నడిచిన గంటలు, ఇవన్నీ ఒప్పందంలోనే రాయించి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టించాలి. వ్యాపార రహస్యమనే మాట ఈ మూడు వివరాలకు వర్తించదని కూడా అందులోనే రాయాలి.