లిఫ్టు ఏ పార్టీది?

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఆగిపోయి 19 రోజులు. చెడింది మోటారు కాదు, సిద్ధాంతం. బాగుచేయిద్దామని మొదట నోరు తెరిచింది 302 సారు. ఆయనది ఏ పార్టీయో గేటు దగ్గరి కుక్కకి కూడా తెలుసు. అందుకని 504 సారు మోకాళ్ల నొప్పులతో ఐదంతస్తులూ ఎక్కుతూనే, మెట్లు గుండెకు మంచివని తమ వర్గం వాట్సాప్ గ్రూపులో రోజూ పోస్టు పెడుతున్నారు. (గ్రూపులు రెండు. రెండింట్లోనూ ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. దేనికైనా దండం బొమ్మ పెడతాడు.)

పార్టీల పేర్లు చెప్పను. నా కారుకి అడ్డంగా బండి పెట్టడం ఇరుపక్షాలకీ వచ్చు.

పోయిన నెల అసోసియేషన్ ఎన్నికల్లో పాత ప్రెసిడెంటు నాలుగు ఓట్లతో ఓడారు. ఓడానని మాత్రం ఒప్పుకోరు. చీటీలు మార్చేశారట. చీటీలు వేసింది ఆయనే తెచ్చిన మైసూర్‌పాక్ డబ్బాలో! బోరు మోటారు గది తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నారు. కొత్తాయన తక్కువ తిన్లేదు. తొలి సంతకంతోనే పాత కమిటీ నాటిన గన్నేరు మొక్కలు పీకించారు. దేశాల్లో దీన్ని అధికార బదిలీ సంక్షోభం అంటారు. మేం వాటర్ ట్యాంకర్ అంటాం.

ఇంత నిష్ఠ మన ఎమ్మెల్యేలకు లేదేమని నా బెంగ. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిశారు. ఒక్కడు గోడ దూకితే ఫిరాయింపు, మూడింట రెండొంతులు కలిసి దూకితే విలీనం. రాజ్యాంగంలో ఫిరాయింపుల సంగతి చెప్పే పదో షెడ్యూలు అట్లా ఉంది మరి. 2024లో గాలి కాంగ్రెస్ వైపు తిరిగింది. ఈసారి 10 మంది బీఆర్ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్ఎస్సే) ఎమ్మెల్యేల గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. 2025 జూలైలో వాళ్ల అనర్హత సంగతి తేల్చమని ఆ కోర్టే స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. కండువా మారడానికి అరనిమిషం చాలు. ఆ కండువాల కోసమే 302, 504 ఇళ్ల మధ్య ఉగాది పచ్చడి గిన్నె తిరగడం మానేసింది.

హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేడ్కర్ నిలబడి ఉన్నారు. రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికే దారి అని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించిన మనిషి. ఆ విగ్రహం ఘనత ఎవరిదని మొన్న రెండు గ్రూపుల్లోనూ అర్ధరాత్రి దాకా తిట్టుకున్నారు. ఆయనన్న మాట ఒక్కరూ ఫార్వర్డ్ చేయలేదు.

నిన్న సాయంత్రం 302 సారు వాళ్లమ్మకి కళ్లు తిరిగాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీదుగా దించాం. ఒక కాలు నేను పట్టాను, ఇంకో కాలు 504 సారు అబ్బాయి పట్టాడు. తెల్లారేసరికి ఆ అబ్బాయిని వాళ్ల గ్రూపులోంచి తీసేశారు.