తూము ఎక్కడ మూసుకుందో కంప్యూటర్‌కు తెలుసు

హనుమకొండలో నాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పిన సారు ఈ మధ్య ఫోను చేశారు. "కంప్యూటర్ మూగదైపోయింది, ఒకసారి వచ్చి చూస్తావా" అన్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సారు డెస్క్‌టాప్‌లోని ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు. పింఛను డబ్బుతో కొత్తది కొనడం ఇష్టం లేక మనవడి చేత విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకున్నారు. బొమ్మ వచ్చింది, ఇంటర్నెట్ వచ్చింది, తెలుగు అక్షరాలు మునుపటికన్నా చక్కగా వచ్చాయి. రోజూ పొద్దున వినే పద్యాలు మాత్రం వినబడటం లేదు. తెర మూలన ఉన్న వాల్యూమ్ గుర్తు చూస్తే నూటికి నూరు శాతం చూపిస్తోంది.

ఇలాంటివి చాలా చూశాను కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పగలను. లినక్స్‌లో శబ్దం నిజంగా చెడిపోవడం తక్కువ. దారిలో ఎక్కడో ఆగిపోవడమే ఎక్కువ. ఎక్కడ ఆగిందో వ్యవస్థకు చాలాసార్లు తెలిసే ఉంటుంది, కానీ మనకు చెప్పదు. నా ఫిర్యాదు దాని మీదే.

చెరువుల కింద వ్యవసాయం చూసిన ఓరుగల్లు వాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పాకాల చెరువు నిండిందని కింది మడి దానంతటదే తడవదు. తూము ఎత్తాలి, కాలువలో పూడిక ఉండకూడదు, పై మడి రైతు గండి మూసి ఉండకూడదు. ఇవన్నీ చూసుకోవడానికే ఊరికొక నీరటి ఉండేవాడు. కంప్యూటర్‌లో పాట కూడా అలాగే చాలా తూములు దాటి వస్తుంది. బ్రౌజర్‌లోని వీడియోకు ఒక వాల్యూమ్ ఉంటుంది. దాని కింద అన్ని ప్రోగ్రాంల శబ్దాన్నీ కలిపి పంపే సౌండ్ సర్వర్ ఆ బ్రౌజర్‌కు విడిగా మరో వాల్యూమ్ పెట్టుకుంటుంది. ఆ తర్వాత పరికరం మొత్తానికి ఒకటి, దాని అడుగున సౌండ్ చిప్‌లోనే అరడజను మీటలు, చివరికి స్పీకర్ మీది గుండ్రటి మీట. తెర మూలన కనిపించేది వీటి మధ్యలో ఉన్న ఒక్క తూము. అది పూర్తిగా ఎత్తి ఉందని చెబుతుందే తప్ప నీళ్ళు మడికి చేరాయని చెప్పదు.

ఇన్ని పొరలు ఎవరో కావాలని పెట్టినవి కావు. అడుగున ఉండి సౌండ్ చిప్‌తో మాట్లాడే ఆల్సా అనే పొరను యారొస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టారు. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో, అంటే లినక్స్ గుండెకాయ లాంటి భాగంతో, అది లినక్స్‌కు ప్రధాన శబ్ద వ్యవస్థ అయింది. చవక సౌండ్ చిప్‌లు చాలావరకు ఒకసారికి ఒక్క ప్రోగ్రాం శబ్దాన్నే తీసుకోగలవు. పాట నడుస్తుండగా ఫోను కాల్ గంట కూడా వినబడాలంటే మధ్యలో వాటిని కలిపే వాడొకడు కావాలి. ఆ పనికి 2004లో పుట్టిన పల్స్ ఆడియోను 2008లో ఉబుంటు అనే లినక్స్ రకం 8.04 వెర్షన్‌తో తన డెస్క్‌టాప్‌లోకి తెచ్చుకుంది. ఆ రోజుల్లో దాన్ని తిట్టని వాడు లేడు, నేనూ తిట్టాను. ఇప్పుడు దాని స్థానంలో పైప్‌వైర్ నడుస్తోంది. ఫెడోరా అనే మరో లినక్స్ రకం 2021లో, ఉబుంటు 2022 అక్టోబర్‌లో దాన్ని స్వీకరించాయి. ఏ పాట ఏ పరికరానికి వెళ్ళాలో పైప్‌వైర్ పక్కన ఉండి నిర్ణయించే ప్రోగ్రాం పేరు వైర్‌ప్లంబర్. మన దగ్గర రాసి ఉంటే దానికి నీరటి అనే పేరు పెట్టేవాళ్ళమేమో.

సారు ఇంట్లో మొదట మూసి ఉన్న తూము దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ పరికరంగా ఎచ్‌డీఎంఐ, అంటే మానిటర్‌కు వెళ్ళే కేబుల్, ఎంపికై ఉంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేవు, వెనక హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం మాత్రం ఉంది. ఆ రంధ్రం భరోసాతో అది తనకు శబ్దం వచ్చని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు చెప్పుకుంది, కంప్యూటర్ నమ్మింది. స్పీకర్లు తగిలించిన అనలాగ్ అవుట్‌పుట్‌కు మార్చాను. అయినా ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది.

రెండో తూముకు గంట పట్టింది. పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాంలో ప్రతి వాల్యూమ్ కింద ఒక గీత ఉంటుంది, శబ్దం పారుతుంటే అది కదులుతుంది. శబ్దం రాని వాళ్ళు ముందు చూడవలసింది ఆ గీతనే. కదులుతోందంటే అక్కడిదాకా అంతా బాగుంది, అడ్డు దాని కింద ఉంది. సారు దగ్గర అది చక్కగా ఎగిరిపడుతోంది. అందుకని కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో, ఆల్సా మీటలు చూపించే ఆల్సామిక్సర్ తెరిచాను. తెరవగానే ఒకే ఒక్క మాస్టర్ మీట కనిపించింది. అది చిప్‌ది కాదు, పై పొర నీడ. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకుంటే తప్ప లోపలి మీటలు బయటపడవు. వాటిలో ఒకదాని కింద "ఎంఎం" అని ఉంది, అంటే మ్యూట్. ఎం నొక్కితే "00" అయింది, అంటే తెరుచుకుంది. పద్యం ఇంకా రాలేదు. కుడివైపు చివరిదాకా జరిగితే ఆటో మ్యూట్ మోడ్ కనిపించింది. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లను ఆపేయడం దాని పని. సారు కంప్యూటర్ డబ్బా ముందువైపు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రంలో లోహపు రేకు వంగిపోయింది. అందులో ఏమీ లేకపోయినా హెడ్‌ఫోన్ ఉందనే చిప్ అనుకుంటోంది. ఆటో మ్యూట్‌ను డిసేబుల్‌కు తిప్పగానే పద్యం అందుకుంది.

ఇందులో నాకు కోపం తెప్పించేది వంగిన రేకు కాదు. హెడ్‌ఫోన్ ఉందని కంప్యూటర్ నమ్ముతోంది, అందుకే స్పీకర్లను తానే ఆపింది. ఆ మాట తెర మీద ఒక్క వాక్యంగా వేసి ఉంటే సారు నాకు ఫోను చేసేవారే కాదు. "హెడ్‌ఫోన్ పెట్టి ఉంది, అందుకే స్పీకర్లు ఆపాను" అంటే చాలు, ఆ డబ్బాలో హెడ్‌ఫోన్ లేదని పసిపిల్లవాడైనా పట్టుకుంటాడు. చూపు లేనివారికి ఈ మౌనం మరీ కష్టం. ఓర్కా లాంటి తెర చదివే ప్రోగ్రాం మీద ఆధారపడేవారికి శబ్దం ఆగితే తెర కూడా ఆగినట్టే.

మీటల పేర్లు ఇంకో తలనొప్పి. ఐఈసీ958 అని ఒకటి కనిపిస్తుంది. అది డిజిటల్ శబ్దాన్ని పంపే ప్రమాణం సంఖ్య. ఆ ప్రమాణానికి 60958 అనే కొత్త సంఖ్య వచ్చి ఏళ్ళయినా మీట మీద పాత పేరే ఉంది. ఈ పేర్లు చిప్‌లో తీగలు ఎలా ఉన్నాయో చెబుతాయి, మన గదిలో ఏముందో చెప్పవు. పైగా చిప్‌ను నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాంలోనే ఇంగ్లీషులో రాసి ఉంటాయి. స్వేచ్ఛ వంటి సంస్థలు డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ళ తరబడి శ్రమించాయి, కానీ ఆ అనువాదం ఈ లోపలి గదిదాకా రాదు.

సగం మూసిన తూములదీ ఒక లెక్క ఉంది. పల్స్ ఆడియో, పైప్‌వైర్‌లలో 50 శాతం అంటే శబ్దం సగం కాదు, దాదాపు 18 డెసిబెళ్ల తగ్గుదల. బ్రౌజర్‌ది 50, పరికరానిది 50 ఉంటే తగ్గుదల 36 డెసిబెళ్లకు చేరుతుంది, అంటే శబ్ద తరంగం ఎత్తు 64లో ఒక వంతు మిగులుతుంది. స్పీకర్లు పోయాయని కొత్తవి కొన్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక సలహాలు. శబ్దం రావడం లేదని వెతికితే ముందుగా ఎదురయ్యేవాటిలో పల్స్ ఆడియోను తీసేయమనే పాత సలహా ఒకటి. అది దాని తొలి రోజుల కోపంలోంచి వచ్చింది. ఇప్పటి చాలా డెస్క్‌టాప్‌లలో పల్స్ ఆడియో పేరుతో బదులిచ్చేది నిజానికి పైప్‌వైరే, కాబట్టి ఆ సలహా లేని మనిషి మీద కేసు పెట్టినట్టు ఉంటుంది. సారు మనవడు అప్పటికే రెండు కమాండ్లు కొట్టి చూశాడు. ఏవి కొట్టాడో వాడికీ గుర్తులేదు.

ఒకటి ఒప్పుకోవాలి. గంట పట్టినా అడుగుదాకా వెళ్ళి చూడగలిగాను, ఏ మీటకూ తాళం లేదు. ఇదే రేకు లోపలికి చూడనివ్వని మూతపెట్టిన వ్యవస్థలో వంగి ఉంటే డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయమనేవారు. తలుపులు తెరిచి ఉన్నందుకు సంతోషమే, గదిలో దీపం కూడా పెట్టమంటున్నాను. హెడ్‌ఫోన్ రంధ్రం స్థితి, మ్యూట్, ఎంపికైన పరికరం, ఈ మూడింటి సమాచారం ఇప్పటికే లోపల ఉంది. పైనుంచి కిందిదాకా శబ్దం దారిని ఒక్క తెర మీద గీసి, ఆగిన చోట ఎర్రగుర్తు పెట్టడం డెస్క్‌టాప్ తయారుచేసేవారికి మోయలేని బరువేమీ కాదు.

రీబూట్ తర్వాత కూడా నిలవాలని ఆల్సాసీటీఎల్ స్టోర్ అనే కమాండ్‌తో ఆ అమరికను భద్రపరిచి వచ్చాను. వారం తర్వాత సారు మళ్ళీ ఫోను చేశారు. ఆటో మ్యూట్ పోయింది కదా, మనవడు రాత్రి పదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటలు వింటుంటే స్పీకర్లు కూడా మోగుతున్నాయట. రేకు బాగుచేయించేదాకా పడుకునే ముందు స్పీకర్ల ప్లగ్గు తానే పీకేస్తున్నానని చెప్పారు.